ఇంటి చదువు – ఇంటి పద్దు

పిల్లల చదువునకు అగు వ్యయమును గూర్చి ముచ్చటించుకొనని ఇల్లు నేడు కొత్తగూడెము ప్రాంతమున ఉండదు. గని కార్మికుని క్వార్టరులోనైనను, పాల్వంచలోని విద్యుత్కేంద్రపు ఉద్యోగి ఇంటనైనను, కిన్నెరసాని యొడ్డున వ్యవసాయము చేసికొను కోయ రైతు ఇంటనైనను జూన్ మాసము వచ్చుసరికి ఈ మాటయే వినవచ్చును. పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించుకొను కుటుంబములు మాత్రము బహు కొలది. వానిలో మాది యొకటి. బడి లేదు, ఫీజు లేదు, కావున మీకు ఖర్చే లేదుగదా యని ఇరుగుపొరుగువారు అందురు. మేమును మొదట అట్లే అనుకొంటిమి. అయిదు సంవత్సరముల పద్దు పుస్తకమును ఇప్పుడు ముందు పెట్టుకొని చూడగా ఆ అభిప్రాయము ఎంత పొరపాటో తెలియుచున్నది. అందు మేము నేర్చుకొన్న సంగతులు, పిల్లలను బడికి పంపుచు సాయంకాలము ఇంటివద్ద చదివించుకొను తలిదండ్రులకు సైతము పనికివచ్చునని ఇచట వ్రాయుచున్నాము.

మా పెద్దమ్మాయి తొమ్మిదవ యేట జబ్బుపడి ఇంచుమించు ఒక సంవత్సరము మంచముననే గడపినది. కోలుకొన్న తరువాతను వైద్యులు మరికొంత కాలము ఇంటనే ఉంచుమనిరి. అట్లు ఇంటి చదువు మొదలైనది. అక్క ఇంటనుండగా నేనేల బడికి పోవలెనని తమ్ముడు పట్టుపట్టెను. వానిని ఒప్పించుటకు మావద్ద సరియైన జవాబు లేకపోయినది.

అసలు విషయమునకు పోకముందు ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులో ఉన్నది. 6 మొదలు 14 సంవత్సరముల వయస్సుగల ప్రతి బిడ్డకును ఉచితముగా చదువు చెప్పించు బాధ్యత దానివలన ప్రభుత్వముపై నున్నది. ప్రభుత్వ పాఠశాలలో ఫీజు లేదు. పాఠ్యపుస్తకములు ఊరకనే ఇత్తురు. మధ్యాహ్నము భోజనము పెట్టుదురు. కావున ఖర్చు తగ్గించుకొనుటకై బిడ్డను బడి మాన్పింతమను ఊహ ఎవరికైన కలిగినచో దానిని ఇక్కడనే విడువవలెను. లెక్కకు నిలుచు ఊహ కాదది. ఇంటి చదువు అని పేరు పెట్టి ఆడపిల్లను పత్తి తీయుటకో, మిరపకాయ ఏరుటకో పంపు ఇండ్లను మేము చూచియున్నాము. అది చదువును కాదు, పొదుపును కాదు. ఏదో ఒక బలమైన కారణముచేత ఇంటనే చదివించుకొనవలసి వచ్చినవారు ఆ చదువును నడుమ ఆగిపోకుండ, అప్పులపాలు గాకుండ పదవ తరగతి పరీక్షవరకు ఎట్లు నడుపుకొనవలెననునదే మా ప్రసంగము.

మొదటి సంవత్సరపు పద్దు

మా పద్దు పుస్తకమున మొదటి సంవత్సరపు పుటలు చూచుటకు సిగ్గుగా నుండును. పని మొదలుపెట్టిన మాసముననే ఒక కంపెనీ తరఫున ఒక యువకుడు ఇంటికి వచ్చి, పాఠములన్నియు బొమ్మలతో నింపిన టాబ్లెట్ ఒకటి చూపించెను. "అమ్మా, ఇది ఉంటే ఇంక మాస్టారు అక్కర్లేదు" అనెను. మాకును అదే కావలసియుండెను. రెండు మాసముల ఇంటి ఖర్చునకు సరిపోవు సొమ్మును పదునెనిమిది వాయిదాలలో కట్టుదుమని సంతకము పెట్టితిమి. అమ్మాయి మూడు వారములు దానిని చూచినది. తరువాత అది బీరువాపైకి చేరినది. వాయిదాలు మాత్రము పదునెనిమిది మాసములు తప్పక వచ్చినవి.

అది పెద్ద తప్పు. చిన్న తప్పులును ఉన్నవి. తిరిగెడు గోళము, గోడకు వ్రేలాడదీయు పటములు పన్నెండు, రంగు రంగుల చెక్క ముక్కల పెట్టె, మెరుపు కాగితములు, పిల్లల విజ్ఞానసర్వస్వము నాలుగు సంపుటములు, ఇవన్నియు ఆ సంవత్సరముననే కొంటిమి. మంచి వస్తువులే. కాని వానిలో ఒక్కటియు పిల్లలు అడిగి కొనినది కాదు. బడి మాన్పించితిమను భయము మమ్ములను లోలోపల పీడించుచుండెను. ఆ భయమును వస్తువులతో కప్పిపుచ్చుకొంటిమి. సంవత్సరాంతమున కూడి చూడగా, వాడుకలోనికి వచ్చినవి గోళమును, చెక్క ముక్కలును మాత్రమే.

అప్పటినుండి ఒక నియమము పెట్టుకొంటిమి. ఏదైన కొనవలెనని తోచినప్పుడు దాని పేరును వంటయింటి తలుపు వెనుక ఒక కాగితముపై వ్రాయుదుము. పదునైదు దినములు ఆగుదుము. ఈలోపల పిల్లలు మరల అడిగిరా, ఆ వస్తువు ఇంటనే మరియొక రూపమున దొరకునా, ఎవరివద్దనైన ఎరువు తెచ్చుకొనవచ్చునా అని విచారింతుము. తలుపు వెనుక వ్రాసిన పేర్లలో ఎక్కువ భాగము పదునైదు దినములకు తామే చెరిగిపోవును. మిగిలిన వానిని మాత్రము వెనుదీయక కొందుము.

గోదావరి, తునికాకు, బొగ్గు

కొనుట మానిన తరువాత పాఠములు ఎక్కడనుండి వచ్చునను ప్రశ్న వచ్చినది. ఈ సీమలో అవి కోరి వెదకనక్కరలేకయే దొరకును. కొన్నిటిని మాత్రము చెప్పెదము.

వానకాలమున గోదావరి పొంగినప్పుడెల్ల భద్రాచలమువద్ద నీటిమట్టమును అధికారులు ఎప్పటికప్పుడు ప్రకటింతురు. 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక; 48 అడుగులకు రెండవది; 53 అడుగులకు మూడవది. పిల్లలచేత ఒక గళ్ల కాగితముపై అడ్డముగా తేదీలను, నిలువుగా అడుగులను వేయించి, ఈ మూడు మట్టములవద్దను ఎర్ర గీతలు గీయించితిమి. ప్రతి ఉదయమును, ప్రతి సాయంకాలమును వార్తలలో విని ఒక చుక్క పెట్టుట వారి పని. గీత నిటారుగా లేచినచో నది త్వరగా పెరుగుచున్నదనియు, వాలినచో నెమ్మదించినదనియు వారికి ఎవరును చెప్పనక్కరలేకపోయినది. దశాంశముల తీసివేతయు అందులోనే వచ్చినది. 1986 ఆగస్టు వరదలో మట్టము 75.6 అడుగులు, 2022 జూలై వరదలో 71.3 అడుగులు. రెంటికిని తేడా 4.3 అడుగులు. అబ్బాయి ఆ నాలుగడుగులకు పైచిలుకును గోడమీద కొలిచి, ప్రక్కన నిలుచుండి చూచుకొనెను. అది వాని గడ్డమువద్దకు వచ్చినది. ఆ దినమున వాడు ఎక్కువ మాటలాడలేదు.

మరునాడు వాడే అడిగెను: "ఇక్కడ ఎండగా ఉంటే గోదావరి ఎందుకు పెరుగుతుంది నాన్నా?" నాసిక్ దగ్గర త్ర్యంబకము మొదలు నదిని పటముపై వ్రేలితో గీయించి, ప్రాణహిత, ఇంద్రావతి ఎక్కడ కలియునో చూపితిమి. శబరి భద్రాచలమునకు దిగువన కూనవరమువద్ద కలియును. అయినను శబరి పోటెత్తినప్పుడు గోదావరి నీరు ముందుకు సాగక ఎగదన్నును. దీనిని బోధించుటకు పెరటిలో రెండు కాలువలు త్రవ్వి, రెండు చెంబుల నీరు పోసితిమి. ఖర్చు గళ్ల కాగితము వెల మాత్రమే.

ఏప్రిల్, మే మాసములలో తునికాకు కోత జరుగును. ఏబది ఆకులు ఒక కట్ట. వేయి కట్టలు ఒక స్టాండర్డు బస్తా. అనగా ఒక బస్తాకు ఏబది వేల ఆకులు. ఈ రెండు అంకెలు చాలును, నెల దినములు లెక్కలు చెప్పవచ్చును. ఒక ఇంటివారు దినమునకు 120 కట్టలు కట్టినచో ఎన్ని ఆకులు కోసినట్లు? వేయి కట్టలు ఎన్నాళ్లకు పూర్తియగును? ఎనిమిది దినములకు 960, ఇంక 40 కట్టలు మిగులును. భాగహారమున శేషమనగా నేమో పుస్తకములో రెండు పర్యాయములు చెప్పినను అంటని పిల్లవానికి, తొమ్మిదవనాడు కట్టవలసిన నలువది కట్టలనగా వెంటనే తెలిసినది. ఒకనాడు కల్లమునకు కూడ తీసికొనిపోతిమి. కల్లేదారు కట్టను చేత పట్టుకొని చూచినంతనే రెండు ఆకులు తక్కువని చెప్పెను. మావాడు విప్పి లెక్కించెను. నలువది ఎనిమిదియే ఉన్నవి. అంచనా కట్టుట యనునది ఎంతటి విద్యయో ఆనాడు మాకును తెలిసినది.

ఇక బొగ్గు మా ఇంటి వాకిటనే యున్నది. 1871లో డాక్టరు విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొనెను. ఇచటి ఒక ముఖ్యమైన పొరను నేటికిని కింగ్ సీమ్ అనియే పిలుచుచున్నారు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడినది. 1920 డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదైనది. ఇది చరిత్ర పాఠము. మా వీధిలో నున్న పదవీ విరమణ చేసిన కార్మికుడొకడు పిల్లలకు ఒక నల్లని పలక రాయి ఇచ్చెను. దానిపై నాలుక వంటి ఆకు అచ్చు పడియున్నది. ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు మునుపు పెరిగి, నేడు భూమిపై లేని గ్లాసాప్టెరిస్ అను మొక్క ఆకు అట్లే యుండును. ఇట్టి అచ్చులే ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణ అమెరికాలోను, మంచుతో కప్పబడిన అంటార్కిటికాలోను దొరకినవి. ఈ భూభాగములన్నియు ఒకప్పుడు ఒకటిగా కలిసియుండెననుటకు శాస్త్రజ్ఞులు చూపు సాక్ష్యములలో ఇది యొకటి. ఆ మహాభూభాగమునకు గోండ్వానా యని పేరు. గోండుల నేల అను అర్థముగల ఆ మాటను ప్రపంచములోని భూగర్భ శాస్త్రజ్ఞులందరును వాడుచున్నారని విని మా పిల్లలు ఆశ్చర్యపోయిరి. ఇట్టి రాయి కావలెనని పిల్లలను ఓపెన్‌కాస్టు గుంతలకును, మట్టి గుట్టలకును పోనీయరాదు. ఆ గుట్టలు జారును. గుంతలలోని నీటి లోతు తెలియదు. గనిలో పనిచేసిన పెద్దలను అడిగినచో ఏ ఇంటనో ఒక ముక్క దొరకును.

పాత అట్లాసు

పాత సామానుల బండివానివద్ద తూకమునకు కొన్న అట్లాసు ఒకటి మాకు క్రొత్త అట్లాసుకంటె ఎక్కువ ఉపయోగపడినది. అది 2014కు ముందు అచ్చుపడినది. తప్పుల తడకయని పారవేయబోగా అమ్మాయి అడ్డుపడి, క్రొత్త పటముతో పోల్చి చూచెదనన్నది. పిల్లల నాయనమ్మ భద్రాచలములో పుట్టి, అచటనే ఒకే ఇంట నున్నది. ఆమె పుట్టినప్పుడు ఆ ఊరు మద్రాసు రాష్ట్రమున తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము వచ్చినవి. 1959లో భద్రాచలము ఖమ్మం జిల్లాలో చేరినది. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ ఏర్పడగా, పోలవరము కారణముగా చుట్టుప్రక్కల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ఊరు మాత్రము ఇటే నిలిచినది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. అమ్మాయి ఇవన్నియు వరుసగా వ్రాసికొని నాయనమ్మకు చదివి వినిపించగా, ఆమె "నేను ఇల్లు మారలేదే తల్లీ, జిల్లాలే నన్ను దాటుకుంటూ పోయినయ్" అన్నది. ఆ వాక్యమును అమ్మాయి అట్లాసు అట్టపై వ్రాసికొన్నది. మన ఊరి రైలు స్టేషనుకు భద్రాచలము రోడ్ అను పేరేల, భద్రాచలము ఇచటికి నలువది కిలోమీటర్ల దూరమున ఉండగా అని తరువాతి ప్రశ్న.

భాషల విషయమున గూడ ఇదే తీరు. సంతకు అడ్డాకు విస్తర్లు తెచ్చు కోయ స్త్రీ ఒకామె మా పిల్లలకు అక్క వరుసలో పిలుపు. తెలుగున ఏరు అనగా పారెడు ప్రవాహము; ఆమె భాషలో ఏర్ అనగా నీరు. ఇట్టి మాటలను పిల్లలు ఒక చిన్న పుస్తకమున కూర్చుచున్నారు. బొగ్గు గనుల ఊరగుటచే మా వీధిలో ఉర్దూ, హిందీ, లంబాడీ కూడ వినవచ్చును. భాష నేర్పెదమని డబ్బు తీసికొను తరగతులకు పంపుటకు ముందు వీధిలోనికి పంపి చూడవలెనని మా అభిప్రాయము.

విజ్ఞాన శాస్త్రపు పరికరముల పెట్టెలు బజారులో చాల ఖరీదుకు అమ్ముచున్నారు. 1970వ దశాబ్దమున మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో పల్లె బడులకై జరిగిన శాస్త్రబోధన ప్రయత్నములో పాల్గొన్న అరవింద్ గుప్తాగారు సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతోను, అగ్గిపుల్లలతోను త్రిభుజములు, ఘనములు, ఇండ్ల చట్రములు కట్టించి చూపిరి. ఆయన పుస్తకములు పెక్కింటిని ఇంటర్నెట్టులో ఎవరైనను ఉచితముగా చదువుకొనవచ్చును. త్రిభుజపు చట్రము ఎంత నొక్కినను వంగదు, చతురస్రపు చట్రము వెంటనే ఒరుగును. ఇంటి దూలములకు అడ్డపట్టీలు వేయుటలోని రహస్యము అదియే. అగ్గిపుల్లల మందును ముందుగా పెద్దలు గీరివేయవలెను.

ఇదివరకే కట్టిన సొమ్ము

ఇంటిపన్ను కట్టు ప్రతి గృహస్థుడును దానితోపాటు గ్రంథాలయపు పన్నును కట్టుచున్నాడు. 1960వ సంవత్సరపు గ్రంథాలయ చట్టము ప్రకారము ఇది రూపాయికి 8 పైసలు. అనగా గ్రంథాలయములోని పుస్తకమునకు మనము ఇదివరకే సొమ్ము చెల్లించియున్నాము. పోయి చదువుకొనుటయే మిగిలియున్నది. సభ్యత్వమునకు కట్టు ధరావతు తిరిగి వచ్చు సొమ్ము గనుక దానిని ఖర్చు పద్దులో వ్రాయరాదు. మా పిల్లలు వారమునకు రెండు దినములు పోవుదురు. పిల్లల పుస్తకములు తక్కువగా నున్నవని ఒకమారు కాగితముపై వ్రాసి గ్రంథపాలకునకు ఇచ్చితిమి. ఏ పుస్తకములు కావలెనో పేర్లు వ్రాసి ఇచ్చుట అడుగుటకంటె మేలు. మరుసటి సంవత్సరము వానిలో కొన్ని వచ్చినవి.

పాఠ్యపుస్తకములను రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ వారి వెబ్‌సైటునుండి ఉచితముగా తీసికొనవచ్చును. 2017లో ఆరంభమైన దీక్షా వేదికలోను, టి-శాట్ ప్రసారములలోను పాఠములున్నవి. 2015నుండి నడచుచున్న స్టోరీవీవర్‌లో తెలుగు కథల పుస్తకములను ఎన్నిటినైన చదువుకొనవచ్చును. అయితే ఉచితమని పుటలన్నియు దుకాణమున అచ్చు తీయించుట వెఱ్ఱితనము. మేము ఒక పుస్తకమును అట్లు తీయించి, తరువాత అదే పుస్తకము అంగడిలో అంతకంటె చవుకగా దొరకుటను చూచితిమి. ఆ తరగతి దాటిన పిల్లలవద్ద పాత పుస్తకము తీసికొనుట అన్నిటికంటె మేలు; ముద్రణ సంవత్సరమును మాత్రము చూచుకొనవలెను, పాఠములు మారియుండవచ్చును.

కథల పుస్తకములకు మా నలుగురి ఇండ్ల మధ్య ఒక రేకు పెట్టె తిరుగుచున్నది. ఇల్లొక్కింటికి సంవత్సరమునకు మూడు పుస్తకములు కొందుము. పిల్లలు చదువునవి పన్నెండు. నలుగురిలో మాది తప్ప తక్కినవారి పిల్లలు బడికి పోవువారే. తెలుగుదేశమున గ్రంథాలయోద్యమము ఇట్టి చిన్న ప్రయత్నములతోనే పెరిగినది. 1901లో హైదరాబాదున స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము కొందరు అభిమానులు పూనుకొనగా పుట్టినదే గదా.

పొదుపు కాని పొదుపు

ఇప్పుడు చెప్పబోవునది మాకు కష్టమైన విషయము. రెండవ సంవత్సరమున, ఖర్చు తగ్గించితిమని మేము సంతోషించుచున్న రోజులలో, అమ్మాయి చదువుటకు విసుగుకొన మొదలిడినది. పుస్తకము పట్టిన పది నిమిషములకే తలనొప్పి యనును. అక్షరములు దాటివేయును. సోమరితనమని తలచి ఎనిమిది మాసములు మందలించితిమి. ఒకనాడు సంతలో, ఎదుటి దుకాణపు పలకమీది పెద్ద అక్షరములను చదువుమనగా, "అక్కడ పలక ఉందా?" అని అడిగినది. మరునాడే కంటి వైద్యునివద్దకు పోతిమి. రెండు కన్నులకును అద్దములు కావలసివచ్చినవి.

ఆ అమ్మాయి ప్రభుత్వ పాఠశాలలో ఉండియున్నచో ఈ లోపము ముందుగా బయటపడెడిదేమో. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకును ప్రభుత్వ పాఠశాలలకును వచ్చి పిల్లలను పరీక్షింతురు. మా ఇంటికి ఎవరు వత్తురు? బడి ఫీజు మిగిలినదని వ్రాసికొన్న మేము, బడి ఉచితముగా ఇచ్చువానిని పద్దున వ్రాయలేదు. కంటి పరీక్ష, పంటి పరీక్ష, రక్తహీనత పరీక్ష, మధ్యాహ్న భోజనము, ఆటస్థలము, తోటి పిల్లలు. ఆనాటినుండి పుస్తకమున ఒక క్రొత్త వరుస గీసి, దానికి "బడి ఇచ్చునది, మేము ఇయ్యవలసినది" అని పేరు పెట్టితిమి. సంవత్సరమునకు ఒకమారు ప్రభుత్వ ఆసుపత్రిలో కన్నులు, పండ్లు, బరువు, రక్తము చూపించుట అందు మొదటి పద్దు. ప్రతి సాయంకాలము మైదానమున ఇతర పిల్లలతో ఆటలు రెండవది. ఇంటనే చదివించువారు తక్కినవేవి మరచినను ఈ వరుసను మరువరాదు.

ఖర్చు పెట్టవలసిన చోటులు కూడ కొన్ని కలవు. మంచి నిఘంటువు ఒకటి. చేతి భూతద్దము ఒకటి, ఇది చవుకదైనచో పనికిరాదు. సంవత్సరమునకు రెండు మూడు ప్రయాణములు. కిన్నెరసాని జలాశయము, దానిచుట్టునున్న అభయారణ్యము పాల్వంచకు దగ్గరలోనే యున్నవి. 2023 డిసెంబరు 9వ తేదీనుండి మన రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు లేదు గనుక తల్లికిని అమ్మాయికిని ప్రయాణపు ఖర్చు లేకపోయినది. ఆ సంగతి అబ్బాయికి ఇప్పటికిని మింగుడుపడలేదు.

పరీక్ష

అన్నిటికంటె ముందుగా సొమ్ము తీసి ప్రక్కన పెట్టవలసినది పరీక్షకొరకు. ఇంట ఎంత చదివినను పదవ తరగతి పత్రము చేత లేనిదే ముందు తలుపులు తెరచుకొనవు. ఇందుకు రెండు మార్గములున్నవి. ఒకటి తెలంగాణ సార్వత్రిక విద్యా పీఠము. రెండవది 1989లో స్థాపితమైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ. రెంటను పదవ తరగతిలో చేరుటకు 14 సంవత్సరములు నిండియుండవలెను. జాతీయ సంస్థలో ఒకమారు చేరినవారికి అయిదు సంవత్సరములలో తొమ్మిది పర్యాయములు పరీక్ష వ్రాయు అవకాశము కలదు. ఒక్కొక్క విషయమును విడివిడిగా ముగించుకొనవచ్చును. ఇంకను చిన్న పిల్లలకు మూడవ, అయిదవ, ఎనిమిదవ తరగతులకు సమానమైన మూడు స్థాయిలను గూడ అది నడుపుచున్నది. ఫీజులు సంవత్సరమునకొక తీరుగా నుండును గనుక ఆ యేటి ప్రకటనను స్వయముగా చదువుకొనవలెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని తగ్గింపు ఉన్నదేమో అందు చూచుకొనవలెను. పరీక్ష వ్రాయకయే ప్యాసు చేయింతునని చెప్పు మధ్యవర్తులు ఇచట కూడ కనబడుచున్నారు. ఒకడు మా గుమ్మము కూడ తొక్కెను. వాడడిగిన సొమ్మును సంస్థవారి ఫీజుతో పోల్చి చూచి, అమ్మాయియే వానిని పంపివేసినది.

మొదటి సంవత్సరమున టాబ్లెట్‌కు కట్టిన సొమ్ముతో ఇద్దరు పిల్లల ప్రవేశపు ఫీజు, పరీక్ష ఫీజు, పుస్తకములు, పరీక్షా కేంద్రమునకు పోవు ఖర్చు అన్నియు సరిపోయి ఇంకను మిగిలియుండెడివి. ఈ లెక్కను కూడ అమ్మాయియే వేసినది. మేము అడుగలేదు. ఇప్పుడు ఆమెకు పదునాలుగు నిండి పదునైదవ యేడు నడచుచున్నది. ఈ సంవత్సరము చేరుచున్నది. ఆరోగ్యము బాగుపడినందున అబ్బాయి వాదము నిలువలేదు. వాడు జూన్ నుండి మా వీధి చివరి ప్రభుత్వ పాఠశాలకు పోవుచున్నాడు.

పద్దు పుస్తకము ఇప్పుడు అమ్మాయి చేతనే యున్నది. తలుపు వెనుక కాగితముపై ఈ మాసమున మూడు పేర్లున్నవి: భూతద్దమునకు తోలు సంచి, ఆంగ్ల వ్యాకరణము, చదరంగపు బల్ల. మొదటిది పాత చెప్పుల తోలుతో కుట్టబడినది. రెండవది గ్రంథాలయమున దొరకినది. మూడవదానికి ఇంకను ఆరు దినముల గడువున్నది.